సర్వరు మారినను మారరాని ఈమెయిలు అమరిక

(సంఘ సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



కేంద్ర ప్రభుత్వోద్యోగికి బదిలీ క్రొత్త మాట కాదు. ఢిల్లీలో పనిచేయుచున్న ఉద్యోగికి హైదరాబాదు బదిలీ అయినచో అతనికి సంబంధించిన వస్తువులు మూడు దారులు పట్టును. సర్వీసు పుస్తకము అతనిని అనుసరించి క్రొత్త కార్యాలయమునకు పోవును. హోదా చెక్కిన రబ్బరు ముద్ర, బీరువా తాళపుచెవులు, నడుచుచున్న ఫైళ్లు చార్జి పుచ్చుకొనువాని చేతికి వచ్చును. బల్ల, కుర్చీ, పంకా మాత్రము గదిలోనే నిలిచిపోవును. ఏది మనిషిది, ఏది పదవిది, ఏది గదిది అను వివేచనము కార్యాలయ నిర్వహణమునకు తొలిమెట్టు. కుర్చీని వెంట తీసికొనిపోవువాడును, సర్వీసు పుస్తకమును బల్ల సొరుగులో విడిచిపోవువాడును ఒకే విధమైన పొరపాటు చేసినవారగుదురు.

ఈ వివేచనమే నేటి కంప్యూటరు కార్యాలయములో క్రొత్త రూపమున ఎదురగుచున్నది. ఒక ఉద్యోగి పలు సర్వర్లపై పనిచేయునప్పుడు అతని ఈమెయిలు అమరికలు అన్ని చోట్లను ఒకే తీరున ఉండునట్లు చూచుట ఎట్లు? పైకి ఇది కంప్యూటరు విభాగము వారి సమస్యగా కనిపించును. కాని దీని ఫలితము ఉత్తరము వ్రాసినవానికిని, జవాబు కొరకు ఎదురుచూచువానికిని తగులును. కావున సాంకేతిక పరిభాష ఎరుగనివారు కూడ దీని స్వరూపమును తెలిసికొనుట మంచిది.

మొదట రిమోటు డెస్కుటాపు అనగా నేమో చూడవలెను. పూర్వము ప్రతి బల్లమీదను ఒక కంప్యూటరు ఉండెడిది. ఉద్యోగి వ్రాతకోతలు అన్నియు అందులోనే ఉండెడివి. రిమోటు డెస్కుటాపు పద్ధతిలో పనిచేయు యంత్రము బల్లమీద ఉండదు. అది వేరొక గదిలో, ఒక్కొక్కప్పుడు వేరొక నగరములో ఉండు సర్వరు. ఉద్యోగి నొక్కిన అక్షరములు అక్కడికి పోవును. అక్కడ ఏర్పడిన తెర చిత్రము ఇక్కడికి వచ్చును. మైక్రోసాఫ్టు సంస్థ 1998లో విండోసు ఎన్.టి. 4.0 టెర్మినల్ సర్వరు అను సంచికతో ఈ పద్ధతిని తన వ్యవస్థలో ప్రవేశపెట్టెను. అందలి మూల సాంకేతికమును సిట్రిక్స్ అను సంస్థ నుండి గ్రహించెను. 2009లో వెలువడిన విండోసు సర్వరు 2008 ఆర్2 తో దీనికి రిమోటు డెస్కుటాపు సర్వీసులు అను పేరు వచ్చెను.

ఒక సర్వరు కొందరికి చాలును. వందల మందికి చాలదు. అందుచేత ఒకే పోలికగల సర్వర్లను పెక్కింటిని ప్రక్కప్రక్కన నిలుపుదురు. వాటి ముందు కనెక్షను బ్రోకరు అను ఒక ద్వారపాలకుడు ఉండును. లోనికి వచ్చినవారిని భారము తక్కువగా ఉన్న సర్వరునకు పంపుట అతని పని. పని ముగింపకయే సంబంధము తెగినవాడు తిరిగి వచ్చినచో అతనిని వెనుకటి సర్వరునకే చేర్చును. పని ముగించి నిష్క్రమించినవాడు మరునాడు వచ్చినప్పుడు మాత్రము అతడు ఏ సర్వరునకు పోవునో నిశ్చయము లేదు. నిన్న మొదటి సర్వరు, నేడు మూడవది. ఉద్యోగికి ఈ మార్పు తెలియనే తెలియదు. తెర ఒకే తీరున కనిపించును. చిక్కు ఇక్కడనే మొదలగును.

విండోసు వ్యవస్థలో ప్రతి ఉద్యోగికిని ప్రొఫైలు అను ఒక సొంత అర ఉండును. అందు అతని ఫైళ్లును, రిజిస్ట్రీ అను అమరికల చిట్టాలో అతని భాగమును ఉండును. ఔట్‌లుక్ అను ఈమెయిలు ప్రోగ్రామును తీసికొన్నచో దాని సామగ్రి ఒక్కచోట లేదు. ఏ ఖాతా, ఏ సర్వరు అను వివరములు రిజిస్ట్రీలో ఉండును. ఉత్తరము చివర చేరు సంతకపు పాఠము సాధారణముగా ప్రొఫైలులోని రోమింగు అను అరలో ఫైళ్లుగా ఉండును. తపాలాపెట్టెకు తీసికొన్న నకలు లోకలు అను వేరొక అరలో ఉండును. చిరునామా మొదటి అక్షరములు వ్రాయగనే మిగిలినది చూపు జాబితా 2007 సంచిక వరకు ఒక విడి ఫైలులో ఉండెడిది. 2010 సంచిక నుండి తపాలాపెట్టెలోనే దాచబడుచున్నది. వచ్చిన ఉత్తరములను వేరుపరచు నియమములలో కొన్ని మెయిలు సర్వరుపైననే నడుచును. కొన్ని ఔట్‌లుక్ తెరచి ఉన్నప్పుడు మాత్రమే నడుచును. ప్రొఫైళ్లు ఏ సర్వరువి ఆ సర్వరులోనే ఉన్నచో, క్రొత్త సర్వరునకు చేరిన ఉద్యోగి ఖాళీ గదిలో చేరినవాడగును.

ఇందువలన నష్టమేమి? ఒక కార్యాలయమును ఊహింపుడు. అందు మూడు సర్వర్లు కలవు. ప్రొఫైళ్లు దేనివి దానిలోనే ఉన్నవి. పింఛను వ్యవహారములు చూచు అసిస్టెంటు సోమవారమున మొదటి సర్వరునకు చేరెను. కుటుంబ పింఛనును గూర్చి వచ్చు ఉత్తరములు అన్నియు ఒక ప్రత్యేకమైన ఫోల్డరులోనికి పోవునట్లు నియమము ఏర్పరచెను. ఆ ఫోల్డరును తపాలాపెట్టెలో గాక, ఆ సర్వరు డిస్కుపై ఉండు పి.ఎస్.టి. అను విడి ఫైలులో పెట్టుకొనెను. దివంగతుడైన ఒక ఉద్యోగి భార్య వ్రాసిన ఉత్తరము ఆనాడే వచ్చి, నియమము ప్రకారము ఆ ఫైలులో చేరెను. మంగళవారమున అతడు మూడవ సర్వరునకు చేరెను. అక్కడ ఆ ఫైలు లేదు. తపాలాపెట్టెలోను ఉత్తరము లేదు, ఏలయన అది అక్కడ నుండి తరలింపబడినది. సెక్షను ఆఫీసరు అడిగినప్పుడు “ఉత్తరము రాలేదండి” అని అతడు చెప్పెను. అదే జవాబు ఆమెకును పోయెను. అతడు అబద్ధమాడలేదు, కంటికి కనిపించినదే చెప్పెను. ఆమెయు అబద్ధమాడలేదు, ఉత్తరము పంపెను. ఇద్దరు సత్యవాదుల నడుమ కార్యాలయము అసత్యము పలికినదాయెను.

చిన్న చిక్కులు ఇంకను కలవు. అసిస్టెంటు సెక్షను ఆఫీసరు అయినాడు. సంతకపు పాఠములో హోదాను దిద్దుకొన్నాడు. కాని దిద్దినది రెండవ సర్వరులో. వారము తిరుగకముందే మొదటి సర్వరు నుండి పోయిన ఉత్తరము పాత హోదాతో, పాత టెలిఫోను నంబరుతో పోవును. అవతలి కార్యాలయము వారు ఆ నంబరునకే ఫోను చేయుదురు. అక్కడ వేరొకరు ఎత్తుదురు. ఎవ్వరును తప్పు చేయలేదు, పని మాత్రము జరుగలేదు.

యంత్రము ఏదైనను మనిషికి తన పని తన ముందుండవలెనను కోరిక నేటిది కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము ఐ.బి.ఎం. సంస్థ సహకారముతో 1982లో ఆండ్రూ అను ప్రణాళికను ప్రారంభించెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము 1983లో ఎథీనా అను ప్రణాళికను ప్రారంభించెను. విద్యార్థి ఆవరణములోని ఏ కంప్యూటరు ముందు కూర్చున్నను తన ఫైళ్లు తనకు అందవలెననునది వాటి ఆశయములలో ఒకటి. ఉత్తరముల విషయమున ఐమాప్ అను నియమావళి ఈ త్రోవనే నడిచినది. పాప్ అను వేరొక పద్ధతిలో ఉత్తరము సాధారణముగా చదువువాని యంత్రమునకు దిగిపోవును. ఐమాప్ పద్ధతిలో ఉత్తరము సర్వరులోనే ఉండును, చదువువాడే అక్కడికి పోవును. ఉత్తరములకు జరిగిన ఈ మేలు అమరికలకు కూడ జరుగవలెనని 1997లో ఏకాప్ అను నియమావళిని ఆర్.ఎఫ్.సి. 2244 అను పత్రముగా ప్రకటించిరి. అమరికలను, చిరునామా పుస్తకమును సర్వరుపై ఒకచోట ఉంచి, ఏ యంత్రము నుండి యైనను అందుకొనుట దాని ఉద్దేశము. ఆలోచన మంచిదే, కాని అది విస్తృతముగా ఆచరణలోనికి రాలేదు. మంచి నియమము పుస్తకములో ఉన్నంత మాత్రమున కార్యాలయములో నడువదని ప్రభుత్వోద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు.

విండోసు సర్వర్ల యందు ఈ సమస్యకు వచ్చిన పరిష్కారములను వరుసగా చూచినచో ఒక పాఠము స్పష్టపడును.

మొదటిది రోమింగు ప్రొఫైలు. ఉద్యోగి లోనికి వచ్చునప్పుడు అతని ప్రొఫైలును కేంద్రస్థానము నుండి సర్వరునకు నకలు చేయుదురు. నిష్క్రమించునప్పుడు మార్పులతో తిరిగి కేంద్రమునకు పంపుదురు. ఇందు రెండు లోపములు కలవు. ప్రొఫైలు పెరిగిన కొలది నకలు తీయుటకు కాలము పట్టును. రెండవది గొప్ప లోపము. ఒకే ఉద్యోగి ఒకే సమయమున రెండు సర్వర్లపై ఉన్నచో, రిజిస్ట్రీ విషయమున చివర నిష్క్రమించిన నకలే నిలుచును; ముందు పోయినదానిలోని మార్పులు నశించును. ఒక ఉద్యోగి సర్వీసు పుస్తకమునకు రెండు నకళ్లు తీసి రెండు కార్యాలయములకు పంపి, చివర వచ్చినదానినే అసలుగా భావించినచో ఏమగునో ఇదియు అట్టిదే. ఇదిగాక లోకలు అను అర ఈ రాకపోకలలో చేరదు.

రెండవది ఫోల్డరు మళ్లింపు. ఇందు నకలు లేదు. ప్రొఫైలులోని కొన్ని అరలనే ఫైలు సర్వరుపై ఉంచి, అన్ని సర్వర్లును అక్కడనే చూచునట్లు ఏర్పరతురు. సంతకపు పాఠమునకు ఇది చక్కగా సరిపోవును. ఎచ్చట దిద్దినను దిద్దబడునది ఆ ఒక్కటే. కాని రిజిస్ట్రీ ఫోల్డరు కాదు గనుక ఈ పద్ధతికి లొంగదు. కావున ఖాతా వివరములకు వేరొక ఉపాయము కావలెను.

మూడవది ప్రొఫైలు డిస్కు. విండోసు సర్వరు 2012 తో వచ్చిన ఈ పద్ధతిలో ఉద్యోగి ప్రొఫైలు అంతయు ఒక పెట్టెవంటి ఫైలులో ఉండును. అతడు ఏ సర్వరునకు వచ్చినను ఆ పెట్టెను అక్కడ తగిలింతురు, పోవునప్పుడు విప్పుదురు. రిజిస్ట్రీ భాగమును, రోమింగు అరయు, లోకలు అరయు అన్నియు అందులోనే ఉండును. కాని ఈ పెట్టె ఒక సర్వర్ల సముదాయమునకే చెల్లును. వేరొక సముదాయమునకు వేరొక పెట్టె కావలెను. ఎఫ్.ఎస్.లాజిక్స్ అను సంస్థ ఇదే సూత్రమును మరింత విస్తృతముగా అమలుపరచెను. 2018 నవంబరులో మైక్రోసాఫ్టు ఆ సంస్థను కొనెను. నేడు పెక్కు సర్వర్లు గల చోట్ల ఈ పద్ధతి విరివిగా వాడుకలో ఉన్నది.

ఈ వరుసలోని పాఠమేమి? నకళ్లు పెంచిన కొలది తగవులు పెరిగినవి. అసలు ఒక్కచోట నిలిచిన కొలది తగ్గినవి. అయినను ఒక్క పెట్టెలో అన్నియు పెట్టినంత మాత్రమున పని ముగియదు. ప్రసంగారంభమున చెప్పిన మూడు దారుల వివేచనము ఇక్కడ అవసరము.

పదవికి చెందిన అమరికలు కొన్ని కలవు. మెయిలు సర్వరు చిరునామా, భద్రతా నియమములు, ఉత్తరము చివర సంస్థ పక్షమున చేర్పవలసిన హెచ్చరిక, సెక్షనుకంతకు ఉమ్మడియైన తపాలాపెట్టె ఇట్టివి. వీటిని ఉద్యోగి చేత వ్రాయింపరాదు. గ్రూపు పాలసీ అను కేంద్ర శాసనము ద్వారా అన్ని సర్వర్లకును ఒకేసారి పంపవలెను. 2007 సంచికతో వచ్చిన ఆటోడిస్కవరు అను ఏర్పాటు చేత ఔట్‌లుక్ తన ఖాతా వివరములను తానే అడిగి తెలిసికొనగలదు. ఉద్యోగి ఏమియు నింపనక్కరలేదు. హెచ్చరికను మెయిలు సర్వరే చేర్పగలదు. 2015లో భారత ప్రభుత్వము ప్రకటించిన ఈమెయిలు విధానము పదవి పేరున ఒక చిరునామా, వ్యక్తి పేరున ఒక చిరునామా ఇచ్చు పద్ధతిని పేర్కొనుట ఈ వివేచనమునకు తగినట్లే ఉన్నది. పదవి చిరునామా చార్జితోపాటు చేతులు మారునది. వ్యక్తి చిరునామా మారనిది.

మనిషికి చెందినవి కొన్ని. సంతకపు పాఠము, ఉత్తరముల నియమములు, చిరునామాల జాబితా, అక్షరముల పరిమాణము, తెర అమరిక ఇట్టివి. ఇవి అతని వెంట నడువవలెను. వీనిలో తపాలాపెట్టెలో ఉండగలిగినవానిని అక్కడనే ఉంచుట శ్రేష్ఠము. మెయిలు సర్వరుపై నడుచు నియమము ఉద్యోగి నిద్రించుచున్నను నడుచును. సెలవు జవాబు అక్కడనే ఉండును గనుక సర్వర్లు మారినను చెడదు. మిగిలినవానిని ప్రొఫైలు పెట్టెలో ఉంచవలెను.

గదికి చెందినవి కొన్ని. తపాలాపెట్టెకు తీసికొన్న నకలు అట్టిది. అసలు మెయిలు సర్వరులో ఉన్నది గనుక నకలు పోయినను మరల తయారగును. వేగము కొరకు దానిని పెట్టెలో చేర్చుకొనవచ్చును. కాని దానికై ఎవ్వరును దిగులుపడనక్కరలేదు. ఈ మూడు కోవలకును చెందక నిలిచినది పి.ఎస్.టి. ఫైలు. అది పదవికి చెందిన ఉత్తరములను మనిషి తన ఇష్టము చొప్పున గదిలో పాతిపెట్టుట వంటిది. పింఛను అసిస్టెంటు కథలో దోషమంతయు అక్కడనే ఉన్నది. పెక్కు సర్వర్లు గల కార్యాలయములో దాని వాడుకను పాలసీ చేతనే ఆపుట మేలు.

ఇంకొక జాగ్రత్త కలదు. సర్వర్లు అన్నియు నిజముగా ఒకే పోలికన ఉండవలెను. ఔట్‌లుక్ 2013 తన ఖాతా వివరములను రిజిస్ట్రీలో 15.0 అను శాఖక్రింద వ్రాయును. 2016 మరియు తరువాతి సంచికలు 16.0 అను శాఖక్రింద వ్రాయును. ఒక సర్వరులో పాత సంచికయు, వేరొకదానిలో క్రొత్త సంచికయు ఉన్నచో ప్రొఫైలు ఒక్కటియైనను చదువు పుట వేరగును. ఉద్యోగి ఒకచోట చేసిన మార్పు మరియొకచోట కనిపింపదు. దోషము ప్రొఫైలుదని తలచి వెదకువారికి వారములు గడచిపోవును.

తెలుగులో ఉత్తరములు వ్రాయువారికి ఇది మరింత ముఖ్యము. యూనికోడులో తెలుగునకు స్థానము 1991 నాటి మొదటి సంచిక నుండియు కలదు. విండోసులో గౌతమి, నిర్మలా అను అక్షరరూపములు తెలుగును చూపగలవు. కాని యూనికోడు కాని పాత ఫాంటులతో చేసిన సంతకపు పాఠము ఆ ఫాంటు లేని సర్వరునకు పోయినప్పుడు అర్థములేని గుర్తులుగా మారును. తెలుగు పేరును తెలుగులో వ్రాసికొనువారు యూనికోడులోనే వ్రాసికొనుట, అన్ని సర్వర్లలోను ఒకే ఫాంటులు ఉండునట్లు అడుగుట తగును.

సర్వర్లను ఉద్యోగులకు అప్పగించుటకు పూర్వము ఒక పరీక్ష చేయవలెను. ఒక పరీక్షా ఖాతాతో మొదటి సర్వరులో సంతకము దిద్ది, నిష్క్రమించి, రెండవ సర్వరులోనికి వచ్చి ఉత్తరము పంపవలెను. తరువాత మూడవది. ఖాతా అడుగక తెరచుకొన్నదా, సంతకము దిద్దినదే వచ్చినదా, చిరునామాలు కనిపించినవా, నియమము నడిచినదా అని ప్రతి సర్వరుపైనను చూడవలెను. చార్జి పట్టికపై సంతకము చేయుటకు ముందు బీరువా తెరచి చూచుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

ఉద్యోగులు పాటింపవలసినవియు రెండు మూడు కలవు. సాయంకాలము తెరపై కిటికీని మూసివేయుట వేరు, నిష్క్రమించుట వేరు. కిటికీ మూసిన మాత్రమున పని సర్వరులో నడుచుచునే ఉండును. పెట్టె విప్పబడదు, రోమింగు ప్రొఫైలు కేంద్రమునకు తిరిగి చేరదు. పని ముగిసినప్పుడు సక్రమముగా నిష్క్రమింపవలెను. ఇక ఒకనాడు తెర తెరచుకొనగనే అంతయు ఖాళీగా కనిపించినచో కంగారుపడరాదు. పెట్టె అందక, సర్వరు తాత్కాలిక ప్రొఫైలు ఇచ్చి ఉండవచ్చును. ఆ తాత్కాలిక ప్రొఫైలులో దాచినదంతయు నిష్క్రమించినప్పుడు నశించును. అట్టి స్థితిలో అమరికలను మరల వ్రాయుటకు కూర్చొనక, కంప్యూటరు విభాగమునకు తెలుపుట కర్తవ్యము. పెట్టె అందనప్పుడు లోనికి రానీయకుండునట్లు ఏర్పరచుట ఇంకను మంచిది. ఖాళీ గది చూపుటకంటె మూసిన తలుపు చూపుట నిజాయితీ.

చివరి మాట ఒకటి. అసలు ఒక్కచోట ఉండుటలో లాభము ఎంతయో అపాయమును అంతయే. ప్రొఫైలు పెట్టెలున్న ఫైలు సర్వరు నిలిచిపోయినచో అందరును ఒకేసారి నిలిచిపోవుదురు. దానికి జోడుగా వేరొక సర్వరు, ప్రతిదినమును భద్రప్రతి, ఆ భద్రప్రతి నుండి నిజముగా తిరిగి తీయగలుగుదురా అను పరీక్ష అవసరము. ఒక్కటే సర్వీసు పుస్తకము ఉండవలెనను కార్యాలయమే దానిని ఇనుప బీరువాలో ఉంచును.

సోదరీ సోదరులారా! పింఛను కొరకు ఉత్తరము వ్రాసిన ఆమెకు కనెక్షను బ్రోకరు తెలియదు, రిజిస్ట్రీ తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. ఆమె ఉత్తరము వ్రాసినది అసిస్టెంటునకు కాదు, మూడవ సర్వరునకు కాదు, కార్యాలయమునకు. కార్యాలయము ఏ యంత్రము నుండి చూచినను ఆ ఉత్తరము కనిపింపవలెను. ఏ యంత్రము నుండి జవాబిచ్చినను ఆ జవాబు ఒకే మాటగా, ఒకే హోదాతో, ఒకే సంతకముతో వెలువడవలెను. యంత్రములు పెక్కు ఉండవచ్చును. కార్యాలయపు మాట ఒక్కటిగా ఉండవలెను.